అందరిదైన ఆకాశమున మాట దొరకుట యెట్లు?

హైదరాబాదు నగరమునందలి తార్నాక పేటయు, దాని నానుకొనియున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమును మన చదువరులలో పెక్కండ్రకు తెలిసిన చోట్లే. తార్నాక యను పేరు "తార్" అనగా తీగ, "నాకా" అనగా కావలిచోటు అను రెండు మాటలు కలియుటచే నేర్పడినదనియు, నిజాము ప్రభుత్వకాలమున అచ్చట తీగకంచె గల తోటయు, దాని కొక కావలిచోటును ఉండెననియు చెప్పుదురు. తీగ పేరు ధరించిన ఆ పేటలోనే నేడు తీగలేని యంత్రములు లెక్కకు మిక్కిలిగా నున్నవి. ఇంటింటను వైఫై పెట్టె, ప్రతివాని చేతిలో ఫోను, చెవిలో బ్లూటూత్ పరికరము, చదువుకొను పిల్లల యెదుట లాప్‌టాప్, గోడమీద టెలివిజను, ఇవి యన్నియు నొకదానితో నొకటి రేడియో తరంగముల మూలమున మాటలాడుచుండును.

ఇందొక విచిత్రము కలదు. ఈ యంత్రములన్నియు ఒకే తరంగముల పట్టీలో మాటలాడును. ముందెవరు, వెనుక నెవరు అని వంతులు పెట్టు పెద్ద యెవ్వడును లేడు. ఒకని యంత్ర మొకనికి తెలియదు. అయినను సాధారణముగా పని జరుగుచునే యున్నది; కొన్ని చోట్ల కొన్ని వేళల మాత్రము నిలిచిపోవుచున్నది. జరుగుట యెట్లు? నిలిచిపోవుట యేల? బాగుచేయుట కుపాయ మేది? ఈ మూడు ప్రశ్నలకును మన విద్యార్థులు నేర్చిన గణితముతోనే సమాధానము చెప్ప యత్నింతుము. వంతు నిర్ణయింపక ఎవరికి తోచినప్పుడు వారు మాటలాడ బూనుటకు శాస్త్రమున యాదృచ్ఛిక ప్రవేశము అని పేరు.

లైసెన్సు గల పట్టీ, లేని పట్టీ

1935 వ సంవత్సరమున నిజాము ప్రభుత్వము వారు హైదరాబాదులో దక్కన్ రేడియో యను ప్రసార కేంద్రమును తమ చేతిలోనికి తీసికొని నడపిరి. ఆ కేంద్రము 1950 లో ఆలిండియా రేడియోలో చేరిపోయెను. అట్టి కేంద్రమున కొక తరంగదైర్ఘ్య మేర్పాటు చేసినచో, ఆ చుట్టుపట్ల దానిపై మరియెవ్వరును మాటలాడరాదు. ఇది పట్టా గల పొలము వంటిది. మన దేశమున 1933 సంవత్సరపు వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టము ననుసరించి రేడియో యంత్రము నుంచుకొనుటకు సైతము లైసెన్సు కావలసియుండెను.

ఇట్లుండగా 2005 వ సంవత్సరము జనవరి మాసమున భారత ప్రభుత్వము వారు 2400 మొదలు 2483.5 మెగాహెర్ట్జుల వరకు గల పట్టీలో తక్కువ శక్తి గల యంత్రములకు లైసెన్సు అక్కరలేదని ప్రకటించిరి. అదే సంవత్సరమున 865 మొదలు 867 మెగాహెర్ట్జుల వరకు గల చిన్న పట్టీని గూడ విడిచిపెట్టిరి. పిమ్మట దానిని 868 వరకు పెంచిరి. 2018 వ సంవత్సరమున 5 గిగాహెర్ట్జుల ప్రాంతమున మొత్తము 605 మెగాహెర్ట్జుల వెడల్పు గల పట్టీలను ఇంటిలోపలను వెలుపలను వాడుకొనుట కనుమతించిరి. ఇవి ఊరుమ్మడి బావుల వంటివి.

లైసెన్సు లేదనగా నియమము లేదని యర్థము గాదు. 2400 మెగాహెర్ట్జుల పట్టీలో ప్రసారయంత్రపు శక్తి ఒక వాటునకు మించరాదు. అదియుగాక మూడు మాటలు ఆ నియమములలో వ్రాయబడియున్నవి: ఇతరులకు ఆటంకము కలిగింపరాదు, ఇతరులవలన ఆటంకము కలిగినచో రక్షణ కోరుటకు హక్కు లేదు, ఎవ్వరును ఇది నాదే యనక పంచుకొనవలెను. ఊరి బావి దగ్గర చేద వేయువారి మర్యాద యిదియే గదా! అయితే బావి యొద్ద ఒకరి ముఖ మొకరు చూతురు. ఇచ్చట యంత్రములకు కన్నులు లేవు. కావున వాని మర్యాద గణితముపై నాధారపడవలసి వచ్చెను.

హవాయి ద్వీపములలో మొదటి ప్రయత్నము

ఈ గణితమునకు పుట్టినిల్లు పసిఫిక్ మహాసముద్రమునందలి హవాయి ద్వీపములు. అచ్చటి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రాంసన్ అను ఆచార్యుడును ఆయన తోడివారును వేర్వేరు ద్వీపములందుండిన విద్యాశాలలను ప్రధాన గణనయంత్రముతో రేడియో ద్వారా కలుపు ఏర్పాటును 1971 వ సంవత్సరమున నడపిరి. దానికి ఆ దేశపు పలకరింపు మాటయైన "అలోహా" యను పేరు పెట్టిరి.

ఆ పద్ధతి మిక్కిలి సులభమైనది. చెప్పవలసినది కలిగిన తోడనే చెప్పివేయవలెను. చేరినదని జవాబు వచ్చినచో సరి. రానియెడల తన మాట మరియొకని మాటతో ఢీకొనినదని తెలిసికొని, ఎంతో కొంత సేపు వేచి మరల చెప్పవలెను. ఆ వేచియుండు కాలమును మాత్రము చీటీ వేసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయించుకొనవలెను. ఏలయనగా, ఢీకొనిన యిద్దరును సమానకాలమే వేచినచో మరల ఢీకొందురు. ఎన్నిమారులైనను అంతే యగును.

ఒక్కొక్క సందేశమునకు ఒక సెకండు పట్టుననుకొందము. నేను మొదలిడుటకు పూర్వపు సెకండులో నెవడైన మొదలిడినను, నేను చెప్పుచున్న సెకండులో నెవడైన మొదలిడినను సంఘట్టన తప్పదు. అనగా ఒక సెకండు మాటకు రెండు సెకండుల గండము. దీనిని లెక్కించి చూడగా, ఎంత చక్కగా నడపినను కాలములో నూటికి సుమారు 18 పాళ్లు మాత్రమే మంచి సందేశములకు దక్కునని తేలినది. 1972 లో లారెన్స్ రాబర్ట్స్ అను శాస్త్రజ్ఞుడు కాలమును సమానమైన ఖండములుగా కోసి, ప్రతివాడును ఖండము మొదటనే మాటలాడ నారంభింపవలెనని సూచించెను. అప్పుడు గండము రెండు సెకండులనుండి ఒకటికి తగ్గెను. ఫలము 18 నుండి సుమారు 37 కు పెరిగెను. యంత్రము మారలేదు, శక్తి పెరుగలేదు. వేళ పాటించుట యొక్కటే ఫలమును రెట్టింపు చేసినది.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఈ విషయమును పుస్తకమున చదువుటకంటె చేసి చూచుట మేలు. పదిమంది విద్యార్థులను కూర్చుండబెట్టి, ఒక్కొక్కరికి 1 మొదలు 10 వరకు అంకెలు వ్రాసిన పది చీటీలు గల డబ్బా నొకటి ఈయవలెను. ఉపాధ్యాయుడు చప్పట్లు కొట్టినప్పుడెల్ల ప్రతివాడును చూడకుండ ఒక చీటీ తీసి, 1 వచ్చినచో లేచి నిలువవలెను. తక్కిన అంకె యేది వచ్చినను కదలరాదు. పిమ్మట చీటీని డబ్బాలో మరల వేయవలెను. సరిగా ఒక్కడే లేచినచో వాని సందేశము చేరినట్లు. ఎవ్వరును లేవనిచో ఆ ఖండము వ్యర్థము. ఇద్దరో అంతకు మించియో లేచినచో సంఘట్టన. ఇట్లు నూరుమారులు చేసి లెక్క వ్రాసికొనవలెను.

గణితము ప్రకారము నూటిలో సుమారు 39 మారులు ఒక్కడే లేచును. 35 మారులు ఎవ్వరును లేవరు. 26 మారులు సంఘట్టన యగును. ఇప్పుడు చీటీలకు బదులు నాణెమెగురవేసి, బొమ్మ పడినవాడు లేవవలెనని నియమించినచో ఏమగును? పదిమందిలో ఒక్కనికే బొమ్మ పడుట 1024 మారులలో 10 మారులే. అనగా నూటికి ఒకటి! అందరును మాటలాడుచుందురు, ఎవ్వని మాటయు చేరదు. పోనీ, మిక్కిలి వినయముగా నూరు చీటీలలో నొక్కటి వచ్చిననే లేతమన్నచో, నూటికి 9 మారులే పని జరుగును. 90 ఖండములు ఊరక గడచిపోవును. కావున అత్యాశయు చేటే, అతివినయమును చేటే. పదిమంది యున్నప్పుడు పదింట నొకమారు, నూరుమంది యున్నప్పుడు నూటికొకమారు లేచుటయే ఉత్తమము. అట్లు చేసినచో నూరుమందిలోనైనను నూటికి 37 ఖండములు ఫలించును. నూరుగురు చేరినప్పుడు గూడ పదింట నొకమారు లేచు పాత యలవాటునే యుంచుకొనినచో పదివేల ఖండములలో మూడు మాత్రమే ఫలించును.

ఇదే ప్రయోగమున మరియొక సంగతి చూడవలెను. తొమ్మండుగురు నియమము పాటించుచుండగా ఒక్కడు చీటీ తీయక ప్రతిమారును లేచుననుకొందము. తక్కినవారెవ్వరును లేవని వేళలన్నియు వానివే. అట్టివి నూటికి 39. అనగా మొత్తము పదిమందికి దక్కవలసిన ఫలము వానికొక్కనికే దక్కును. నియమము పాటించిన తొమ్మండుగురికి సున్న. వానిని చూచి రెండవవాడును అట్లే చేసినచో, పదిమందికిని సున్న! ఈ విషయము నంతటికిని ఇదియే కీలకము. ఉమ్మడి పట్టీలో శాంతముగా నుండుట బలహీనత గాదు. అందరికిని మాట దొరకుటకు మూలధనమదే.

విని మాటలాడుట

అలోహా యంత్రములు ఇతరులు మాటలాడుచున్నారో లేదో వినకయే మాటలాడెడివి. మాటలాడుటకు ముందు వినవలెనను పద్ధతిని లెనార్డ్ క్లైన్‌రాక్, ఫవాద్ టొబాగి యను నిరువురు 1975 లో గణితముతో పరిశీలించి ప్రకటించిరి. నేటి వైఫై యంత్రములన్నియు ఆ మార్గముననే నడచుచున్నవి. వైఫై పద్ధతిని నిర్ణయించిన ఐ.ఇ.ఇ.ఇ. 802.11 అను నియమావళి 1997 లో వెలువడినది.

దాని క్రమమిట్టిది. యంత్రము మొదట వినును. నిశ్శబ్దముగా నున్నచో, 5 గిగాహెర్ట్జుల పట్టీలో, 34 మైక్రోసెకండుల కాలము ఆగును. పిమ్మట 0 మొదలు 15 వరకు గల పదియారు అంకెలలో నొకదానిని చీటీ తీసినట్లు తీసికొనును. నిశ్శబ్దముగా గడచిన ప్రతి 9 మైక్రోసెకండులకును అంకెను ఒకటి చొప్పున తగ్గించును. నడుమ మరియెవరైన మాటలాడినచో లెక్క నచ్చటనే నిలిపి, వారు ముగించిన పిమ్మట నిలిపిన చోటినుండియే సాగించును. అందుచేత వేచియున్నవాని నిరీక్షణము వృథా పోదు. సున్న వచ్చినంతట సందేశము పంపును. గ్రహించిన యంత్రము చేరినదని చిన్న జవాబిచ్చును. జవాబు రానిచో సంఘట్టన జరిగినదని యెంచి, ఈమారు 32 అంకెలలో నొకటి, ఆ పిమ్మట 64 లో నొకటి, ఇట్లు 1024 వరకు రెట్టించుకొనుచు పోవును.

రెట్టింపు చేయుట యేల? చుట్టు నెందరున్నారో యంత్ర మెరుగదని చెప్పితిమి. సంఘట్టనయే దానికి వార్తాహరుడు. ఢీకొంటిమనగా జనము హెచ్చినదని యూహ. కావున తన యాశను సగము చేసికొనును. మాట చేరినచో మరల పదియారునకే వచ్చును. ఇద్దరే యున్నప్పుడు పదియారు అంకెలలో ఇరువురకును ఒకే యంకె వచ్చుట పదియారింట నొకమారు. ఒకమారు ఢీకొనిన పిమ్మట ముప్పదిరెంట నొకమారు. ఎవ్వరును ఆజ్ఞాపింపకయే యంత్రములు తమలో తాము సర్దుకొనుట యిట్లు.

ప్రాంగణమున నొక చిక్కు, పేటలో నొక చిక్కు

ఇంతటి మర్యాద యున్నను పని చెడుట యేలయన్న, దానికి కారణములు రెండు. ఒకటి ఒకరి మాట యొకరికి వినబడకపోవుట. రెండవది మిక్కిలిమంది మాట వినబడుట. మొదటిది విశాలమైన ప్రాంగణముల రోగము, రెండవది ఇరుకైన పేటల రోగము.

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918 లో నేర్పడినది. దాని ఆర్ట్స్ కాలేజీ భవనము 1939 లో ప్రారంభింపబడినది. గ్రానైటు రాతితో కట్టిన అట్టి దొడ్డ గోడలు 2.4 గిగాహెర్ట్జుల తరంగములను మిక్కిలి నీరసింపజేయును. అట్టి భవనపు మూలయందొక వైఫై పెట్టె యున్నదనుకొందము. ఆ మూలకు రెండు ప్రక్కలను ఇద్దరు విద్యార్థులు కూర్చుండియున్నారు. పెట్టెకు ఇద్దరి మాటయు వినబడును. కాని నడుమ రాతిగోడ యుండుటచే ఒకరిది యొకరికి వినబడదు. ఒకడు పంపుచున్న వేళ రెండవవాడు నిశ్శబ్దమేయని తలంచి పంపును. పెట్టె దగ్గర రెండును ఢీకొనును. వినుట యను గుణము ఇచ్చట నిరుపయోగమై, పాత అలోహా కష్టములే తిరిగివచ్చును. దీనికి మరుగుపడిన యంత్రపు చిక్కు అని పేరు.

దీని కుపాయము 1990 ప్రాంతమున ఫిల్ కార్న్ అను నతడు సూచించెను. పెద్ద సందేశము పంపుటకు ముందు "పంపవచ్చునా?" అను చిన్న ప్రశ్న పంపవలెను. పెట్టె "పంపుము, ఇంతసేపు" అని బదులు చెప్పును. ప్రశ్న వినబడనివానికి సైతము పెట్టె యిచ్చిన బదులు వినబడును గాన, వాడు అంతసేపు ఊరకుండును. ఢీకొనినను చిన్న ప్రశ్నలే ఢీకొనును, నష్టము స్వల్పము. అయితే ప్రతి చిన్న మాటకును ఈ ప్రశ్నోత్తరములు పెట్టినచో మాటకంటె మన్ననలే యెక్కువగును. కావున పెద్ద సందేశములకే దీనిని వాడుదురు.

ఇక తార్నాకను చూతము. అచ్చటి చౌరస్తాయును, 2017 నవంబరులో తెరచిన మెట్రో స్టేషనును, చుట్టునున్న అపార్టుమెంట్లును జనముతో నిండియుండును. ఒకే గోడ కిరుప్రక్కలను, ఒకే కప్పునకు పైనను క్రిందను వైఫై పెట్టెలుండును. ఇచ్చట అందరును అందరికిని వినబడుదురు. మర్యాద గల యంత్రము వినుచు వినుచు వంతు రాక వేసారును.

2.4 గిగాహెర్ట్జుల పట్టీ వెడల్పు 83.5 మెగాహెర్ట్జులే. వైఫై మార్గములకు 1 మొదలు అంకెలున్నను, ఒక్కొక్క మార్గము సుమారు 20 మెగాహెర్ట్జుల వెడల్పు గలది. అంకె కంకెకు నడుమ దూరము 5 మెగాహెర్ట్జులే. కావున ఒకదానిపై నొకటి పడకుండ నుండునవి 1, 6, 11 అను మూడు మాత్రమే. పొరుగువారు 1 లోను 6 లోను ఉన్నారు గదా యని నడుమ 3 పట్టుకొనుట తెలివి గాదు. అట్లు చేసినవాడు ఇరుప్రక్కల వారికిని అడ్డు తగులును. అంతేకాదు, వైఫై యంత్రము తన మార్గమున తన భాషను గుర్తించునప్పుడు సన్నని సడికైన ఆగును గాని, అర్థము గాని సడి అంతకు నూరురెట్లు బలముగా నున్నగాని ఆగనక్కరలేదని నియమము. అనగా సగము సగము కలిసిన మార్గములవారు ఒకరి నొకరు మన్నింపక ఢీకొందురు. పొరుగువానితో సరిగా ఒకే మార్గమున నుండి వంతులు పంచుకొనుటయే, అరకొరగా కలియుటకంటె మేలు.

మరియొక లోపము కలదు. ఈ పద్ధతి వంతులను సమానముగా నిచ్చును గాని కాలమును సమానముగా నీయదు. 12,000 బిట్లు గల యొక సందేశము సెకండునకు 54 మెగాబిట్ల వేగమున సుమారు 0.22 మిల్లీసెకండులలో ముగియును. దూరపు గదిలో తరంగము నీరసించి, వేగము ఒక మెగాబిట్టునకు దిగినచో అదే సందేశమునకు 12 మిల్లీసెకండులు పట్టును. వంతు సమానమే, కాలము ఏబది రెట్లకు మించినది. ఆ మూలగదిలోని విద్యార్థి దోషి గాడు. పెట్టె నచ్చటికి దూరముగా నుంచినవారి యేర్పాటే లోపము. ఆ గదికి సమీపమున మరియొక పెట్టె నుంచినచో, ఆ యొక్క విద్యార్థికేగాక వసతిగృహమునందలి వారందరికిని మేలు కలుగును.

చిన్న యంత్రముల పెద్ద కష్టము

865 మెగాహెర్ట్జుల పట్టీలో నీటి మీటర్లు, నేల తడిని కొలుచు సాధనములు మొదలగునవి వాడదగును. ఇవి చిన్న బ్యాటరీతో ఏండ్ల తరబడి నడువవలెను. ఎల్లప్పుడు వినుచు కూర్చుండినచో బ్యాటరీ తీరిపోవును. అందుచేత లోరా యను పద్ధతిలో నడచు సాధనములు సాధారణముగా వినకయే పంపును. ఏబది యేండ్ల నాటి అలోహా లెక్క ఇచ్చట నేటికిని సజీవముగా నున్నది.

ఈ లోరా పద్ధతిలో దూరమును బట్టి 7 మొదలు 12 వరకు మెట్లున్నవి. వాడుకలోనున్న 125 కిలోహెర్ట్జుల వెడల్పున, 7 వ మెట్టునందొక సంకేతమునకు 1.024 మిల్లీసెకండును, 12 వ మెట్టునందు 32.768 మిల్లీసెకండులును పట్టును. మొదటిది 7 బిట్లను, రెండవది 12 బిట్లను మోయును. బిట్టునకు పట్టు కాలము పోల్చినచో సుమారు 19 రెట్లు భేదము.

తార్నాకలోని ఇండ్లకు నీటి మీటర్లు పెట్టి, ఒక్కొక్కటి గంటకొకమారు లెక్క పంపునట్లు చేసిరనుకొందము. అన్నియు ఒకే మార్గమున, పై మెట్టున, సందేశమునకొక సెకండు చొప్పున పంపినచో, నూటికి 90 సందేశములు మొదటి మారే చేరవలెనన్న మీటర్ల సంఖ్య సుమారు 190 కి మించరాదు. ఎట్లన, రెండు సెకండుల గండకాలమున మరియెవ్వరును మాటలాడకుండుటకు నూటికి 90 వంతులు అవకాశముండవలెనన్న, సెకండునకు సగటున 0.053 సందేశములే రావలెను. గంటకు 3600 సెకండులు గాన సుమారు 190. గ్రహించు స్తంభమును సమీపమున నుంచి సందేశకాలమును ఇరువదవ వంతునకు తగ్గించినచో, 3,800 మీటర్లకు చోటు దొరకును. గట్టిగా అరచుటకంటె దగ్గరకు వచ్చి మెల్లగా, క్లుప్తముగా చెప్పుటయే మేలని ఈ లెక్క తెలుపుచున్నది.

క్రొత్త యుపాయములు

సంఘట్టనయైన సందేశము పూర్తిగా నశించినట్లేనా? కాదని 2007 లో కాసిని, డి గౌడెంజి, హెర్రెరో అను వారు చూపిరి. వారి పద్ధతి మిక్కిలి చమత్కారమైనది. ప్రతి యంత్రమును తన సందేశమును రెండు ప్రతులుగా రెండు ఖండములలో పంపును. ఒక్కొక్క ప్రతిలో రెండవ ప్రతి యెక్కడ నున్నదో వ్రాసియుండును. నాలుగు ఖండములున్నవనుకొందము. క యను యంత్రము 1, 2 ఖండములలోను, ఖ యను యంత్రము 2, 3 లోను, గ యను యంత్రము 3, 4 లోను పంపినవి. రెండవ ఖండమున క, ఖ లును, మూడవ ఖండమున ఖ, గ లును ఢీకొనినవి. ఖ పంపిన రెండు ప్రతులును చెడినట్లే తోచును. అయితే మొదటి ఖండమున క ఒంటరిగా నున్నది గాన దానిని చదువవచ్చును. చదివిన పిమ్మట దాని రెండవ ప్రతి యెట్టిదో తెలియును. దానిని రెండవ ఖండపు సడినుండి తీసివేసినచో మిగిలినది ఖ! ఇట్లు మూడు సందేశములును దక్కినవి. తీసివేత లెక్క తెలిసిన బాలునకు ఈ యుపాయము తెలియకపోదు.

వైఫైలో సైతము 2021 లో వెలువడిన 802.11 ఏఎక్స్ అను నియమావళి క్రొత్త మార్గము తెరచినది. 20 మెగాహెర్ట్జుల మార్గమును తొమ్మిది సన్నని దారులుగా చీల్చి, చిన్న సందేశములు గల తొమ్మిది యంత్రములు ఏకకాలమున పంపునట్లు చేయవచ్చును. పెట్టె "ఇన్ని దారులు ఖాళీ" యని చాటును. వేచియున్న యంత్రము తన యంకెనుండి అన్ని దారులను తగ్గించుకొని, సున్న యైనంతట చీటీ వేసి యొక దారి నెన్నుకొనును. అనగా పాత చీటీల పద్ధతియే. కాలములోనేగాక తరంగపు వెడల్పులో గూడ చీటీ వేయుట క్రొత్త.

ఇంకొక సంగతి స్మరింపదగినది. టెలిఫోను కంపెనీలు తమ ఎల్.టి.ఇ. పద్ధతిని 5 గిగాహెర్ట్జుల ఉమ్మడి పట్టీలో నడప నెంచినప్పుడు, వంతు పాటింపని యంత్రములు వచ్చి పాటించు వైఫైని నోరు మూయించునేమోయని యాందోళన కలిగెను. మన ప్రయోగములో ప్రతిమారు లేచిన విద్యార్థి కథయే యిది. తుదకు 2016 లో ముగిసిన నియమములలో, విని, చీటీ వేసి, వేచి, పిమ్మటనే మాటలాడవలెనను షరతు చేర్చబడినది.

మనము చేయదగినది

ఈ విద్య పండితులకే పరిమితము గాదు. ఇంటి పెద్దలును, వసతిగృహముల నిర్వాహకులును చేయదగినవి కొన్ని కలవు. కదలని యంత్రములైన టెలివిజనును, బల్లమీది కంప్యూటరును తీగతోనే కలుపవలెను. అవి విడిచిన కాలము చేతిలోని ఫోనులకు దక్కును. తార్నాకకు తీగ పేరున్నట్లే, తార్నాక యింటికి తీగయు నుండుట మంచిదే. 2.4 గిగాహెర్ట్జులలో 1, 6, 11 మార్గములలో నొకదానినే యెన్నుకొని, వెడల్పును 20 మెగాహెర్ట్జులకే పరిమితము చేయవలెను. పెట్టెను మూలగదిలో గాక ఇంటి నడుమ నుంచవలెను. దగ్గరి పనులకు 5 గిగాహెర్ట్జుల పట్టీని వాడవలెను. అది గోడలను దాటలేకపోవుట పొరుగువారికి మేలే. ఒకే మేడలోని కుటుంబములవారు కలిసి కూర్చుండి మార్గములను పంచుకొనినచో అర్ధగంట పనియే.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఆ ప్రాంగణముననో, మరియొక చోటనో ఇంజనీర్లై క్రొత్త యంత్రములను నిర్మింతురు. మీ యంత్రము ఇతర యంత్రముల నణచి వేగముగా నడచునట్లు చేయుట కష్టము గాదు. ప్రతిమారు లేచిన విద్యార్థికి గణితము రాకపోయినను అది సాధ్యమైనది. పదిమందిలో పదవవానికిని మాట దొరకునట్లు చేయుటయే విద్య. మీ ప్రయోగశాలలో ఒక యంత్రము నొంటరిగా నడపి చూచి తృప్తి పడక, నూరు యంత్రముల నడుమ నుంచి, మూలనున్నదానికి వంతు వచ్చెనా యని పరీక్షింపుడు.